లిబరేటర్ ముక్కు మీద పేరు

నందిగామలో మా ఇంటి హాల్లోకి కొత్తగా అడుగుపెట్టినవాళ్ళు ముందు గోడవారనున్న అద్దాల బీరువాని చూస్తారు, తర్వాత నన్ను చూస్తారు, మళ్ళీ బీరువాని చూస్తారు. అందులో చీరలూ గిన్నెలూ ఉండవు, విమానాలుంటాయి. అవన్నీ యుద్ధకాలంలో బాంబులు వేసిన విమానాలని తెలిశాక నన్ను చూసే చూపు మారిపోతుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి, పొద్దున్నే లేచి వాకిట్లో ముగ్గేసుకునే మనిషి, ఈమెకిదేం పిచ్చి అని వాళ్ళ మొహాల మీదే రాసి ఉంటుంది. మీ అబ్బాయి చేశాడా అని అడుగుతారు. నాకు అబ్బాయి లేడు, నేను పెళ్ళే చేసుకోలేదు. నేనే చేశానంటే సగంమంది నమ్మరు. మా వీధి చివర ఉండే ఒకావిడ, పోనీ ఆ చేత్తోనే ఒక కృష్ణుడి బొమ్మ చేసుకోకూడదా అంది. కృష్ణుణ్ణి చేసేవాళ్ళు కొండపల్లి నిండా ఉన్నారండీ, నేను చెయ్యకపోతే ఆయనకొచ్చిన లోటేం లేదు అన్నాను. ఆవిడ మళ్ళీ మా గడప తొక్కలేదు. నాకూ కాస్త సమయం మిగిలింది.

ఫైటర్ విమానాలంటే నాకు పెద్ద ఇష్టం లేదు. అందులో కూర్చునేది ఒక్కడే, గింగిరాలు కొడుతూ తిరుగుతాడు. బాంబర్ అలా కాదు. నడిపేవాడొకడు, దారి చూసేవాడొకడు, రేడియో దగ్గరొకడు, తోకలో చలికి బిగుసుకుపోయి వెనక్కి చూస్తూ కూర్చునేవాడొకడు. మన లారీలో డ్రైవరూ క్లీనరూ పైన బస్తాల మీద కూలీలూ ఉన్నట్టు అదొక సంసారం. అందరూ ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు. ఫ్లాస్కులో టీ పోసుకుని, అమ్మలు అల్లిన మఫ్లర్లు చుట్టుకుని వెళ్ళేవాళ్ళు. వాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. వాళ్ళు ఎగిరివెళ్ళిన ఊళ్ళలో కూడా చాలామంది మిగల్లేదు. ఈ రెండు సంగతులూ నాకు తెలుసు. తెలిసి కూడా ఆ రెక్కల ఒంపు చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది.

ఈ పిచ్చి నాకు అంటించింది మా అమ్మే. అమ్మ పుట్టింది కాకినాడలో. వాళ్ళ నాన్న అక్కడి రేవులో గుమాస్తా. అమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు జపాను విమానాలొచ్చి ఆ రేవు మీద బాంబులు వేశాయి. ఊళ్ళో జనం దొరికిన బండి కట్టుకుని, దొరికిన రైలెక్కి లోపలి ఊళ్ళకి పరుగులు తీశారు. రైలెక్కాం, బెజవాడలో దిగాం, బస్సులో నందిగామ వచ్చాం, అక్కణ్ణించి ఎడ్లబండిలో చందర్లపాడు పెద్దమ్మ ఇంటికి చేరాం అని అమ్మ వరసగా చెప్పేది. అక్కడి నుంచి అది యుద్ధం కథలా ఉండేది కాదు, వేసవి సెలవుల కథ అయిపోయేది. తాటిముంజలూ, ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్కలూ, కృష్ణ ఒడ్డున ఇసకలో పుచ్చపాదులూ, బడి లేని పొద్దులూ. బాంబులు పడ్డ ఏడాది అంత హాయిగా గడిపిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. చివర్లో నోరు సున్నాలా చుట్టి విమానం మోత వినిపించేది. గండుతుమ్మెద ఝుంకారంలా మొదలై, ఇంటి కప్పు అదిరే దాకా పెంచేది. నేను మళ్ళీ మళ్ళీ చెయ్యమనేదాన్ని. ఎన్ని ఇంజన్లు, ఏ రంగు, తోక ఎలా ఉంది అని ప్రాణం తీసేదాన్ని. ఆరేళ్ళ పిల్లనే, ఇంజన్లు లెక్కపెట్టుకుంటూ కూచుంటానా అని విసుక్కునేది.

నా బడి రోజుల్లో ఒకసారి పచారీ కొట్టు నుంచి తెచ్చిన కందిపప్పు పొట్లం విప్పితే, ఆ కాగితం ఏదో ఇంగ్లీషు పత్రికలోని రంగుల పేజీ. దాని మీద నాలుగు ఇంజన్ల విమానం, ముక్కు దగ్గర నవ్వుతూ కూర్చున్న ఒక అమ్మాయి బొమ్మ, పక్కన ఏదో పేరు. పప్పు డబ్బాలో పోసేసి కాగితం నేను దాచుకున్నాను. అంత భయంకరమైన యంత్రం మీద అంత ముద్దుగా అమ్మాయి బొమ్మ ఎందుకు వేసుకున్నారో అప్పుడు అర్థం కాలేదు. తర్వాత తర్వాత దొరికిన పుస్తకమల్లా చదివితే తెలిసింది, ఆ కుర్రాళ్ళు తమ విమానాలకి పెళ్ళాల పేర్లూ, ప్రేమించిన పిల్లల పేర్లూ, అమ్మల పేర్లూ రాసుకునేవాళ్ళని.

ఉద్యోగం వచ్చాక మొదటి విమానం చేశాను. ప్లాస్టిక్ కిట్లు ఎక్కడో పెద్ద ఊళ్ళలో దొరుకుతాయని వినడమే తప్ప నేను చూడలేదు. నాకు అందుబాటులో ఉన్నది కొండపల్లి. అక్కడి బొమ్మలు చేసే పొణికి కర్ర అరటిబోదెలా తేలిగ్గా ఉంటుంది, చాకు పెడితే వెన్నలా తెగుతుంది. అతుకుల్లో నింపడానికి చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కు. ఏనుగు అంబారీలూ దశావతారాలూ చేసే సరుకుతో నేను లాంకాస్టర్ అనే ఇంగ్లీషువాళ్ళ బాంబర్ చేశాను. మొదటిది బాతులా వచ్చింది. అమ్మ దాన్ని చూసి గుడ్లు పెడుతుందా అని అడిగింది.

నా పోస్టింగ్ జగ్గయ్యపేట ఎక్స్ఛేంజిలో. రోజూ నందిగామ నుంచి బస్సు. ఎక్స్ఛేంజి పక్క సందులో ఒక లారీ పెయింటర్ షెడ్డు ఉండేది. చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు కాబట్టి అతనికి లారీలకి కొదవ లేదు. నాకన్నా నాలుగైదేళ్ళు చిన్నవాడు, వాళ్ళ నాన్న రిక్షాలకీ జట్కాలకీ రంగులు వేసేవాడట. ఒకరోజు మధ్యాహ్నం అతను నిచ్చెనెక్కి లారీ నుదుటి మీద 'తల్లిదండ్రుల దీవెనలు' రాస్తున్నాడు. గీత గియ్యలేదు, కొలత పెట్టలేదు, నోట్లో కిళ్ళీ, చేతిలో కుంచె. డ్యూటీకి ఆలస్యమవుతున్నా నేను ఆ చివరి అక్షరం పూర్తయ్యేదాకా నిలబడ్డాను. మర్నాడు నా పప్పు పొట్లం కాగితం తీసుకెళ్ళి చూపించాను. అతను దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, "ఇది ఏ ఊరి పనండీ? మన గుంటూరోళ్ళ చెయ్యి కాదు," అన్నాడు.

అలా మొదలైంది. సాయంత్రం బస్సు వచ్చేలోగా నేను చెక్కిన విమానం అతని షెడ్డులో రంగు పూసుకునేది. మా ఇద్దరికీ పడేది కాదు, అదే అందులో ఆనందం. నేను పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రావాలంటాను. అతను పుస్తకంలో వేసినోడికి పనిరాదంటాడు. లాంకాస్టర్ ముక్కు మీద స్నానాల బట్టల్లో ఉన్న దొరసాని బొమ్మ చూపించడానికి నేను సిగ్గుపడి పుస్తకం సగం మూసి ఇచ్చాను. రెండు రోజుల తర్వాత వెళ్తే ఆమెకి లంగాఓణీ కట్టించి, జడలో కనకాంబరాలు పెట్టి, చేతికి గాజులు తొడిగాడు. తోక మీద కోరలతో నాలుక చాపిన రాక్షసి మొహం, దిష్టి తగలకుండా. రెక్క కింద 'శుభ ప్రయాణం'. నేను ఆ రోజు అరిచిన అరుపుకి ఎదురు కొట్టు టీ ఆయన బయటికొచ్చాడు. ఇప్పుడు ఇల్లు వదిలి పోవాల్సొస్తే బీరువాలో ఉన్నవాటిలో ఏది తీసుకెళ్తావని ఎవరైనా అడిగితే ముందు దాన్నే చంకలో పెట్టుకుంటాను.

దసరాకి ఆయుధపూజ రోజున అమ్మ కత్తిపీటకీ, కుట్టుమిషనుకీ, నా స్కూటీకీ బొట్లు పెట్టింది. అక్కడితో ఆగకుండా బీరువా తెరిచి, చేతికందిన ప్రతి బాంబరుకీ పసుపు రాసి కుంకుమ అద్దింది. చక్రాల కింద నిమ్మకాయలు పట్టవు కాబట్టి నిమ్మగింజలు పెట్టింది. నెలల తరబడి నేను కలిపి కలిపి వేసిన మబ్బురంగు మీద పసుపు ఇంకిపోయింది. ఏడుపొక్కటే తక్కువ నాకు. న్యాయం చెప్పమని అతన్ని పిలిస్తే, బండన్నాక బొట్టు లేకపోతే ఎట్లాగక్కా అని అమ్మ పక్షానే మాట్లాడాడు. అప్పటి నుంచి అమ్మకి అతనంటే నా కన్నా ఎక్కువ. ఆదివారం అతనొస్తే మినపట్టు వేడివేడిగా వేసేది, నాకు ఆ తర్వాత.

అతని షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. ఇంకే పెయింటరూ అలా చెయ్యడం నేను చూడలేదు. లారీ ఓనరు బండి మీద తన తల్లి పేరు రాయమంటే, ఆ తల్లిని షెడ్డుకి తీసుకురమ్మనేవాడు. బండి ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టి, "అమ్మా, మీ పేరు ఈ బండి మీద రాస్తున్నా. రాయమంటారా?" అని అడిగేవాడు. ఆమె నోటితో సరేనంటేనే కుంచె ముంచేవాడు. పేరు ఆమెది, తిరిగేది ఊరూరా, అడక్కుండా ఎలా రాస్తామనేవాడు. ఎక్కువమంది సిగ్గుపడుతూ తలూపేవాళ్ళు, అతను మాటగా చెప్పమనేవాడు. ఒకావిడ మాత్రం వద్దంది. వీడు తాగి తోలతాడు, ఆ బండి మీద నా పేరొద్దు నాయనా అని అందరి ముందూ చెప్పి లేచి వెళ్ళిపోయింది. ఆ కొడుకు మొహం చూడాల్సిందే. ఆ లారీ మీద చివరికి నెమలి బొమ్మ వేశాడు.

ఆ రోజులు అలా గడిచిపోయాయి. ఎక్స్ఛేంజిలో ఒక్కొక్క కుర్చీ ఖాళీ అయింది, అందరి జేబుల్లోకీ సెల్‌ఫోన్లొచ్చాయి, నేను రిటైరయ్యాను. అతని పనీ తగ్గింది. ఇప్పుడు లారీ నుదుటి మీద అక్షరాలు కంప్యూటర్ కోసిన స్టిక్కర్లు. అరగంటలో అయిపోతుంది, ఆ తల్లిని ఎవరూ పిలవరు. అతను మాత్రం ఆదివారాలు కుంచెల పెట్టె పట్టుకుని బస్సులో నందిగామ వస్తూనే ఉన్నాడు. షెడ్డు వాసన మా వరండాలోకి మారింది, అంతే తేడా.

మారింది అమ్మ కళ్ళు. షుగరు చాలా ఏళ్ళ నుంచీ ఉంది, అది కళ్ళని లోపలి నుంచి తినేస్తోందని విజయవాడలో డాక్టరు చెప్పాడు. సూదులు వేశారు, లేజరు పెట్టారు. మొన్న ఎండాకాలం కారులో విజయవాడ వెళ్తున్నాం. పరిటాల దగ్గర హైవే పక్కన అంత ఎత్తు హనుమంతుడు. ఎన్నేళ్ళుగానో ఆ మలుపు రాకముందే అమ్మ చేతులు జోడించేది. ఆ రోజు విగ్రహం ఎదురుగా వచ్చింది, పక్కకొచ్చింది, వెనక్కి పోయింది. అమ్మ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. కాసేపటికి, "పరిటాల వచ్చిందా?" అని అడిగింది. ఇంకా రాలేదమ్మా అన్నాను.

ఆ ప్రయాణంలోనే అనుకున్నాను. ఇన్ని విమానాలు చేశాను కానీ అమ్మ కోసం ఒక్కటీ చెయ్యలేదు. ఉన్న కాస్త చూపు పోయేలోగా ఒకటి చేసి, ముక్కు మీద ఆమె పేరు రాయించి చేతిలో పెట్టాలి. అమ్మ తన పేరు తన కళ్ళతో దాని మీద చూడాలి. ఆ తర్వాత నేను బాంబర్లు చెయ్యకపోయినా ఫరవాలేదనుకున్నాను.

లిబరేటర్ అనే నాలుగింజన్ల అమెరికా బాంబర్ చేద్దామనుకున్నాను. పొట్టి లావు ఒళ్ళు, పొడుగు రెక్కలు, తోక దగ్గర రెండు కోడిగుడ్డు ఆకారపు పలకలు. అందగత్తె కాదు కానీ దాని చరిత్ర నాకు మహా ఇష్టం. యుద్ధం అయిపోయాక విదేశీ సైన్యం వీటిని ఎవరికీ పనికిరాకుండా పగలగొట్టి మన దేశంలోనే గుట్టలుగా పడేసి పోయింది. మనవాళ్ళు ఆ తుక్కులోంచి ఒక్కొక్కదాన్నే లేపి, అతుకులు వేసి, ఎగరేసుకుపోయారు. తర్వాత ఏళ్ళ తరబడి అవి సముద్రం మీద కాపలా తిరిగాయి. పెయింటరుకి ఈ కథ చెప్పినప్పుడల్లా, యాక్సిడెంటయిన లారీని మన ఆటోనగర్ వాళ్ళు లేపినట్టే అని మురిసిపోయేవాడు. కానీ నేను చేసింది ఆ కాపలా రోజుల లిబరేటర్ కాదు, యుద్ధం నాటిది. దాని పొట్ట కింద తలుపులు కొట్టు షట్టరులా పక్కలకి చుట్టుకుపోతాయి. వెదురు ఈనెల్ని సన్నగా చీల్చి, పల్చటి గుడ్డ మీద పక్కపక్కనే అతికించి, నిజంగా పైకి జరిగే తలుపులు చేశాను. లోపల రెండు వరసల్లో బాంబులు, బెండపిందెలంత. ఒక్కొక్కదానికీ తోక రెక్కలు పెట్టాను. నా జన్మలో అంత మంచి పని నా చేతుల నుంచి రాలేదు. ఇక రాదు కూడా.

అన్నీ అయ్యాక ఒక ఆదివారం, అమ్మ పెరట్లో ఉండగా, విమానం అతని ముందు పెట్టి సంగతి చెప్పాను. అతను తలుపులు జరిపి చూశాడు, బాంబులు చూశాడు. చాలాసేపు మెచ్చుకున్నాడు. తర్వాత కుంచెల పెట్టె మూత వేసేశాడు.

"రాయనక్కా," అన్నాడు. "పులిని వెయ్యమంటే వేస్తా, పూలు వెయ్యమంటే వేస్తా. అమ్మ పేరు మాత్రం రాయను."

ఎందుకన్నాను.

"బండి మీద అమ్మ పేరు ఎందుకు రాస్తాం? పోయినోడు క్షేమంగా ఇంటికి రావాలని. ఇది పొయ్యేది ఇంకెవరి అమ్మ మీదకో కదా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళుగా ఇన్ని బాంబర్లకి రంగులు పూసి, ఆడపిల్లల బొమ్మలు వేసి, ఇవాళ కొత్తగా ధర్మం గుర్తొచ్చిందా అన్నాను. అమ్మాయి బొమ్మ వేరు, అమ్మ వేరు అన్నాడు. వాళ్ళు కూడా ఇంటికి రావాలనే కదా అమ్మల పేర్లు రాసుకున్నది, వాళ్ళూ తల్లులు కన్న పిల్లలే కదా అన్నాను. కాదనలేదు. వాళ్ళు రాసుకున్నారు, నేను రాయలేనక్కా అన్నాడు. పోనీ ఆ బాంబులు తీసెయ్యి, కాపలా బండి అనుకుని రాస్తానన్నాడు. అవి తీసేస్తే అది బాంబర్ ఎందుకవుతుంది, బోడి చెక్క అవుతుంది, చచ్చినా తియ్యనన్నాను.

"అయితే అమ్మనడుగు. అమ్మ రాయమంటే కళ్ళు మూసుకుని రాస్తా."

అడిగితే ఇంకేముంది, ఆశ్చర్యం ఏం మిగులుతుంది? అదీ కాక, మా అమ్మ సంగతి నువ్వు నాకు చెప్పేదేంటి అనిపించింది. అదే అనేశాను. నీ కుంచె లేకపోతే లోకం ఆగిపోదని కూడా అన్నాను. అతను మినపట్టు తినకుండానే బస్టాండుకి వెళ్ళిపోయాడు. మేం పోట్లాడుకోవడం కొత్త కాదు కానీ, తినకుండా వెళ్ళడం అదే మొదలు. అమ్మ పెరట్లోంచి వచ్చి, అబ్బాయేడే అని అడిగింది. పనుందటలే అన్నాను.

తర్వాత రెండు ఆదివారాలు అతను రాలేదు, నేను ఫోన్ చెయ్యలేదు. బస్టాండు దగ్గర స్టిక్కర్ల కొట్టులో అమ్మ పేరు కోయించుకొచ్చాను. ఒంపు తిరిగిన ముక్కు మీద అది ముడతలు పడింది, పైగా ఎలక్షన్ల ఫ్లెక్సీ మీది అక్షరాల్లా ఉంది. పీకేశాను. నేనే కుంచె పట్టుకున్నాను. చెక్కడం వచ్చు కానీ రాయడం నా వల్ల కాదు, కోడిగీతలు. తుడిచేశాను. ఈలోపు అమ్మ చారులో కొత్తిమీర అనుకుని మెంతికూర వేసింది, నా మొహం అనుకుని తలుపు వైపు చూస్తూ మాట్లాడింది. రోజులు చేజారిపోతున్నాయి. రాయించలేకపోతే పోయేది అతని పంతం కాదు, నా పంతమూ కాదు. అమ్మ చూడాల్సిన ఒక్క వస్తువు చూడకుండా ఉండిపోతుంది.

ఒక పొద్దున కాఫీ ఇస్తుంటే అమ్మే అంది, "ఏదో చేస్తున్నావుగా నెలల తరబడి. ఇటియ్యవే, కనపడినంత చూస్తా."

ఇంకా కాలేదన్నాను. లోపలికెళ్ళి అతనికి ఫోన్ చేశాను. రా, వచ్చి నువ్వే అడుగు అన్నాను. ఏంటి, ఎవర్ని అని అడగలేదు.

"వస్తున్నా," అన్నాడు.

పది గంటల బస్సుకి దిగాడు. వరండాలో వెలుగు బాగా పడేచోట కుర్చీ వేసి అమ్మని కూర్చోబెట్టాడు. ఎదురుగా స్టూలు, స్టూలు మీద లిబరేటర్. షెడ్డులో చేసినట్టే కాస్త దూరంగా నిలబడి, చేతులు తుడుచుకుని అడిగాడు.

"అమ్మా, ఈ విమానం మీద మీ పేరు రాయమంటుంది అక్క. రాయమంటారా?"

ఏం విమానం అని అమ్మ నన్నడిగింది. యుద్ధం రోజుల్లోదమ్మా, నువ్వు చందర్లపాడులో ఉన్నప్పటిది అన్నాను. అమ్మ స్టూలు వైపు కాస్త ముందుకి వంగింది. వద్దంటుందేమో అనుకున్నాను.

"నా పేరెందుకు నాయనా, నేనెక్కడికి పోయాను, ఇక్కడే ఉన్నాగా," అంది. "మా అమ్మ పేరు రాయి."

మా ఇద్దరికీ అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది, అదే వేసవి సెలవుల గొంతుతో, ముంజల సంగతి చెప్పినంత మామూలుగా. కాకినాడలో బాంబులు పడ్డప్పుడు వాళ్ళ నాయనమ్మ మంచంలో ఉంది, కదిలించడానికి లేదు. అత్తగారిని వదిలి రాలేక అమ్మమ్మ ఆగిపోయింది. పిల్లని మాత్రం బాబాయితో రైలెక్కించి, వెనకాలే వచ్చేస్తానంది. వానలు పడి నాట్లు వేసేదాకా రాలేదు.

"రోజూ విమానాలు పొయ్యేవి మా మీదగా," అంది అమ్మ. "పెద్దమ్మ లోపలికి లాగేది. నేను చెయ్యి విడిపించుకుని వాకిట్లోకి పోయేదాన్ని. సముద్రం వైపు నుంచి వస్తున్నాయిగా, అమ్మ అందులో ఉందేమోనని."

పుట్టినప్పటి నుంచీ విన్న కథ అది. అందులో అమ్మమ్మ లేదని నాకు ఎన్నడూ తట్టలేదు. ఆరేళ్ళ పిల్ల రైలెక్కిందంటే పక్కన తల్లి ఉండే ఉంటుందనుకున్నాను. అమ్మమ్మ ముసలితనంలో మా ఇంట్లోనే ఉండేది. దొంగచాటుగా చక్కెర తిని మూతి తుడుచుకునే మనిషి. ఆమె కూడా ఒక్క మాట చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. అతను శుభ్రంగా ఉన్న కుంచెనే మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నాడు.

"రాస్తానమ్మా," అన్నాడు.

ఉత్త రంగుతో రాయలేదు. నా దగ్గరున్న మక్కు అడిగి తీసుకుని, సన్న పుల్లతో అక్షరాల్ని గింజల్లా ఉబ్బెత్తుగా దిద్దాడు, చూపు అందకపోయినా వేలికి అందాలని. ఎండలో పెట్టి, మేం ముగ్గురం దోసకాయ పప్పూ అన్నం తిన్నాం. ఆరాక పసుపు రంగు పూసి, అంచులకి ఎర్ర నీడ వేశాడు, అచ్చం సిమెంటు లారీ నుదుటి మీద వేసినట్టు. ఏ లిబరేటర్ మీదా అలాంటి అక్షరాలు ఉండవు. అయినా రంగు డబ్బా నేనే పట్టుకున్నాను.

రంగు కూడా ఆరాక, పొద్దు వాలుతుండగా అమ్మ ఒళ్ళో పెట్టాను. కళ్ళ దగ్గరికి తెచ్చుకుని అటూ ఇటూ తిప్పింది. పసుపుపచ్చగా ఏదో ఉందే అంది. తర్వాత చూపుడువేలు పెట్టి మొదటి అక్షరం నుంచి నెమ్మదిగా తడిమింది. ఆఖరి అక్షరం అయ్యాక తన తల్లి పేరు పైకి అంది. అమ్మ ఆ పేరు పలకడం నేను ఎప్పుడూ వినలేదు, కన్నతల్లిని పేరు పెట్టి ఎవరు పిలుస్తారు? రెండోసారి కూడా అంది, కాస్త గట్టిగా, ఎవరో వినాలన్నట్టు.

వేళ్ళు అక్కడి నుంచి రెక్క మీదికీ, ఇంజన్ల మీదికీ, పొట్ట కిందికీ పోయాయి. షట్టరు తలుపు ఆమె చేతికి జరిగింది. ఏదో తగిలి ఆగింది.

"ఇవేంటే, పిందెల్లా ఉన్నాయి?"

"బాంబులమ్మా," అన్నాను.

అమ్మ వాటిని ఒక్కొక్కటే తడిమి చూసింది. ఎంత నున్నగా చేశావే అంటుందేమోనని నేను ఎదురుచూశాను.

"తీసెయ్యవే. అమ్మ ఎక్కడ కూచుంటుంది?"

అతను నా వైపు చూడలేదు. నేను లోపలికెళ్ళి పట్టకారు తెచ్చుకుని, ఆమె కాళ్ళ దగ్గర కింద కూర్చున్నాను. గట్టిగా అతికించినవి కదా, ఊడి రాలేదు. ఒక్కొక్కటే విరిచి తీశాను.